కవరు ఇస్తే వచ్చేది వార్త కాదు

చేనేత సొసైటీ కానివ్వండి, రైతు సంఘం కానివ్వండి, ఊరి గ్రంథాలయ కమిటీ కానివ్వండి. సమావేశంలో ఎవరైనా "మన సంగతి పేపర్లో రావాలి" అనగానే వెంటనే ఇంకొకరు "లోపల మనవాడెవడైనా ఉన్నాడా?" అంటారు. లేడంటే "ఒక యాడ్ ఇద్దామా?" అన్న మాట లేస్తుంది. అంత డబ్బు లేదంటే చివరికి మిగిలేది ప్రెస్‌మీట్ పెట్టి, విలేకరులకు భోజనం పెట్టి, తలా ఓ కవరు చేతిలో పెట్టడం. ఇంత చర్చలోనూ "అసలు మన దగ్గర వార్త ఏముంది?" అని అడిగేవాళ్లు ఉండరు.

పరిచయమో ప్రకటనో పైసలో ఉంటే తప్ప పత్రికలో చోటు దొరకదన్న నమ్మకం ఇప్పుడు లోకజ్ఞానంగా చలామణీ అవుతోంది. చదువుకున్నవాళ్లే దీన్ని ఎక్కువగా చెబుతున్నారు. ఇది తప్పు. తప్పుతో ఆగితే ఊరుకోవచ్చు గానీ, చెప్పుకోవాల్సిన సంగతి నిజంగా ఉన్న పేదవాళ్లను ఇది ముందే నోరు మూయిస్తోంది. అందుకే దీన్ని ఖండించాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు ఏ పత్రికలో ఎవరు తెలుసు? పగలు కూలికి పోయి, రాత్రి అక్షరాస్యత తరగతుల్లో అక్షరాలు దిద్దుకున్న తల్లులు వాళ్లు. సారా గురించి వాచకంలో ఉన్న పాఠం చదివారు, తమ ఇళ్ల సంగతి మాట్లాడుకున్నారు, ఊళ్లో సారా దుకాణం నడవనివ్వలేదు. అది చూసి పక్క ఊళ్లు కదిలాయి. జిల్లాలో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. ఈనాడు పత్రిక ఆ ఉద్యమానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించేదాకా వెళ్లింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అమల్లోకి వచ్చింది.

ఆ పత్రికకు అప్పట్లో తన రాజకీయ లెక్కలు తనకున్నాయని వాదించేవాళ్లున్నారు. ఉన్నాయనే అనుకుందాం. ఎన్ని లెక్కలున్నా లేని ఉద్యమాన్ని ఏ పత్రికా రోజుల తరబడి అచ్చువేయలేదు. ఏ ఊళ్లో ఏ రోజు దుకాణం మూతపడిందో, ఎక్కడ వేలం ఆగిందో, ఆపినవాళ్లు ఏమన్నారో రాయాలంటే ఊరు, తేదీ, మనిషి ఉండాలి. వాటిని ఆ ఆడవాళ్లు ఇచ్చారు, పత్రిక అచ్చువేసింది.

నల్గొండ సంగతి ఇంకా స్పష్టం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు తిరిగిన పిల్లల గురించి, నడుం వంగిపోయిన పాతికేళ్లవాళ్ల గురించి ఎన్ని వినతిపత్రాలు ఇచ్చినా హైదరాబాదు వినలేదు, ఢిల్లీ వినలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపు అందుకుని జనం వందల సంఖ్యలో నామినేషన్లు వేశారు. ఒక్క నల్గొండ స్థానానికే 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా వేయాల్సి వచ్చింది. నల్గొండ నీళ్లలో ఏముందో దేశంలోని పత్రికలన్నీ రాశాయి. అదే ఏడాది చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు.

2019లో నిజామాబాద్ రైతులు మళ్లీ అదే దారి పట్టారు. పసుపు బోర్డు కావాలి, పసుపుకీ ఎర్రజొన్నకీ గిట్టుబాటు ధర కావాలి అంటూ 178 మంది రైతులు పోటీలో నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగు కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఎక్కడెక్కడి టీవీ వాహనాలో ఆర్మూరు, బాల్కొండ పల్లెలకు వచ్చాయి. ఆ టీవీల వాళ్లకు కవర్లు ఎవరిచ్చారు? పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. దాని వెనక రాజకీయాలు చాలా ఉన్నాయి, పత్రికల వల్లే వచ్చిందని నేను అనను. ఆ కోరిక దేశానికి తెలిసింది మాత్రం రైతులు చేసిన పని వల్ల.

వార్తలో రావాలంటే అందరూ ఎన్నికల్లో నిలబడాలా అని అడగొచ్చు. అక్కర్లేదు. ఈ మూడు చోట్లా సామాన్యులు విలేకరి చేతికి ఏమిచ్చారో చూడండి. నామినేషన్ పత్రం ఎన్నికల అధికారి దగ్గర ఉంటుంది, ఎవరైనా వెళ్లి లెక్కపెట్టుకోవచ్చు. మూతపడిన దుకాణం కళ్ల ముందే ఉంటుంది. అది ఇవాళ జరిగింది, నిన్న లేదు. ఆరోపణగా మిగలకుండా, ఎవరైనా సరిచూసుకోగల సంఘటన అయింది. ఎంత చిన్న సంఘమైనా తన స్థాయిలో ఈ పని చేయగలదు, పైసా ఖర్చు లేకుండా.

ఇప్పుడు మనవాళ్లు పంపే ప్రెస్‌నోట్ చూద్దాం. "ఫలానా సంఘం ఆధ్వర్యంలో కార్యక్రమం ఘనంగా జరిగింది" అని మొదలవుతుంది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి వస్తారు. అధ్యక్షుడు ప్రసంగిస్తూ ప్రతి ఒక్కరూ కృషి చేయాలని పిలుపునిస్తారు. చివర పాల్గొన్నవారి పేర్లు ఇరవై. దీన్ని జిల్లాలోని విలేకరులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెడతారు, రాత్రి ఎనిమిదింటికి అందరికీ ఫోన్లు చేస్తారు. మర్నాడు రాకపోతే "చూశారా, డబ్బులివ్వనిదే వెయ్యరు" అంటారు.

ఆ నోట్ వార్త కాదు కనక రాలేదు. సంఘం తన ముచ్చట తాను రాసుకుంది. పాఠకుడికి అందులో తెలియాల్సింది ఒక్కటీ లేదు.

అదే చేనేత సొసైటీ ఇంకోలా వచ్చిందనుకోండి. అయిదేళ్ల కిందట మండలంలో ఎన్ని మగ్గాలు ఆడేవి, ఇవాళ ఎన్ని ఆడుతున్నాయి, ఊరూరా జాబితా. నూలు రాయితీ ఎన్ని నెలలుగా అందలేదు, దానికోసం పెట్టుకున్న దరఖాస్తుల నకళ్లు, అధికారులు ఇచ్చిన జవాబు. మగ్గం వదిలేసి పట్నంలో కాపలా పనికి పోయిన నేతగాడు ఒకరు మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నారు, ఆయన ఫోన్ నంబరు, ఆయన అనుమతితో. ఇంత చేతిలో పెడితే ఏ మండల విలేకరైనా దాన్ని జిల్లా డెస్కుకు పంపకుండా ఉంటాడా? అది అతనికి పేరు తెచ్చే కథనం. జిల్లా పేజీలో బాక్సు కట్టి వేస్తారు, ఒక్కోసారి మెయిన్‌లోకీ పోతుంది.

మండల విలేకరి బతుకు తెలియకపోవడం వల్ల కూడా మనం తప్పుగా ఆలోచిస్తాం. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక తెలుగు పత్రికల స్వరూపమే మారింది. మిగతావి అదే దారి పట్టాయి. మండలానికొక కంట్రిబ్యూటర్ వచ్చాడు. అతనికి జీతం అంటూ పెద్దగా ఉండదు. చాలామంది ఇంకో పని చేసుకుంటూ ఇది చేస్తారు. యాజమాన్యం అతని నెత్తిన యాడ్ టార్గెట్ పెడుతుందన్నదీ అందరికీ తెలిసిందే. ఇది అన్యాయం, దీని గురించి జర్నలిస్టు సంఘాలు ఎన్నాళ్లుగానో మాట్లాడుతున్నాయి. అతని మీద ఇంత ఒత్తిడి ఉన్నప్పుడు మనం చేయాల్సిందేమిటి? ఇంకో కవరుతో అతన్ని ఇంకాస్త దిగజార్చడమా, లేక అతను తలెత్తుకుని డెస్కుకు పంపగల సమాచారం ఇవ్వడమా? మనం ఎప్పుడూ మొదటిదే చేసి, తర్వాత అతన్నే తిడతాం.

డబ్బుతో వార్త కొన్న సంగతి మన దేశంలో లేదని నేను అనడం లేదు. 2009 ఎన్నికల తర్వాత ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహ ఠాకుర్తా, మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి కలిసి 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ దాన్ని పూర్తిగా బయటపెట్టకుండా కుదించిన పాఠం విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక, 2011లో గానీ అసలు నివేదిక జనానికి అధికారికంగా అందలేదు. ఆ నివేదిక చెప్పింది ప్రధానంగా ఎన్నికల్లో అభ్యర్థుల ప్రచారాన్ని వార్తల వేషంలో అమ్మిన తీరు గురించి. అది ప్రజాస్వామ్యానికి జరిగిన ద్రోహం. "అందరూ కొంటున్నారు, మనమూ కొందాం" అనడానికి దాన్ని సాక్ష్యంగా వాడుకోవడం దారుణం. కోట్లున్న అభ్యర్థితో పోటీపడి చేనేత సొసైటీ ఎంత చోటు కొనగలదు? కొనుగోలు పందెంలో పేదవాడు ఎప్పుడూ ఓడిపోతాడు. పేదవాడు గెలవగలిగే ఒకే ఒక్క పోటీ సమాచారం పోటీ.

ప్రెస్‌నోట్ పుట్టుక గురించి ఒక మాట. 1906 అక్టోబరులో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ల రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయారు. అలాంటప్పుడు కంపెనీలు విలేకరులను దగ్గరికి రానిచ్చేవి కావు. ఆ కంపెనీకి పనిచేస్తున్న ఐవీ లీ జరిగింది జరిగినట్టు రాసి పత్రికలకు ఇచ్చాడు, విలేకరులు ప్రమాదస్థలం చూడటానికి ఏర్పాటు చేశాడు. న్యూయార్క్ టైమ్స్ ఆ ప్రకటనను అలాగే అచ్చువేసింది. మొదటి ప్రెస్‌నోట్ అదేనని చాలామంది చెబుతారు. కంపెనీ ప్రయోజనం కోసమే చేశాడు, అందులో సందేహం లేదు. కానీ పని జరిగింది సంఘటనను త్వరగా చెప్పడం వల్ల, చూసుకోమని తలుపు తెరవడం వల్ల. అతిథుల పేర్లతో నింపిన మన నోట్లకు ఆ రెండు గుణాలూ లేవు.

జిల్లాలో అందరికీ ఒకేసారి పంపాలన్న పట్టుదల కూడా వదులుకోవాలి. "ఒకరికి ముందు ఇస్తే మిగతావాళ్లకు కోపం వస్తుంది" అంటారు. వస్తుంది, కొంత. అయితే అందరికీ ఇచ్చినదాన్ని ఎవరూ తనదనుకోరు. మన సమస్యను నిజంగా పట్టించుకునే విలేకరి ఎవరో పత్రిక రోజూ చదివేవాళ్లకు తెలుస్తుంది. సాగునీటి గురించి రాసేవాడు వేరు, ఆసుపత్రుల గురించి రాసేవాడు వేరు. మనం పత్రిక చదవకుండానే పత్రికలో రావాలనుకుంటున్నాం, ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే విషయం. ముందు ఆ విలేకరికి చెప్పండి, కాయితాలన్నీ ఇవ్వండి, చూసుకోవడానికి రెండు రోజులు సమయమివ్వండి. మిగతావాళ్లు అడిగినప్పుడు దాచకండి, అవే కాయితాలు వాళ్లకూ ఇవ్వండి. రాస్తారోకో, సమ్మె, నీళ్లు విషమయిన సంగతి లాంటివి మాత్రం అందరికీ ఒకేసారి తెలియాల్సినవే. వాటిని ఒకరి చేతిలో పెట్టడం తప్పు.

మధ్యాహ్నంలోగా మాట్లాడండి. సాయంత్రం ఏడు దాటాక డెస్కులో పేజీల హడావుడి ఉంటుంది. అప్పుడు ఎంత మంచి సంగతి చెప్పినా ఎక్కదు.

పెంచి చెప్పడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. ధర్నాకు అరవై మంది వస్తే అరవై అనే చెప్పాలి. వేలమంది అని చెబితే మొదటిసారి అచ్చవుతుందేమో, ఫొటో చూసిన సబ్ ఎడిటర్‌కు అనుమానం వస్తుంది. ఆ సంఘం పేరుతో వచ్చే ప్రతి కాయితాన్నీ అప్పటినుంచి పక్కన పెడతాడు. మనకు వ్యతిరేకంగా ఉన్న సంగతి కూడా మనమే ముందు చెప్పాలి. రాయితీ అందలేదని ఫిర్యాదు చేస్తున్న సొసైటీ తన లెక్కలు రెండేళ్లుగా ఆడిట్ చేయించలేదనుకోండి, విలేకరి అధికారిని అడిగితే మొదట వచ్చే జవాబు అదే. అప్పుడు కథనం తిరగబడుతుంది. ముందే చెబితే, ఎందుకు చేయించలేదో కూడా రాస్తాడు.

రుజువులు ఎక్కడ దొరుకుతాయని అడిగేవాళ్లకు సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతి కూడా తేదీతో సహా వార్తే. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఖర్చుల పట్టికలో "విలేకరుల భోజనాలు, ఇతరత్రా" అన్న పద్దు చదివినప్పుడు లేచి నిలబడి అభ్యంతరం చెప్పండి. ఆ పద్దు కొట్టేయించి, అదే పూట దరఖాస్తు రాయించి, సభ్యులతో సంతకాలు పెట్టించండి.