బొమ్మ వేయుట రానివారా?

ఢిల్లీలో జైపూర్ హౌస్‌నందలి జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలను చూచివచ్చినవారిలో పలువురు చెప్పు మాట యొకటి కలదు. ఈ నవీన చిత్రకారులకు బొమ్మ వేయుట రాదనియు, రానిదానికే సిద్ధాంతమని పేరు పెట్టినారనియు వారి అభియోగము. రవివర్మ చిత్రముల అచ్చుప్రతులను గోడలపై చూచుచు పెరిగిన కన్నులు అట్లు తలచుటలో వింత లేదు. పట్టుచీర నిగనిగ, నగల తళుకు, చెక్కిలిపై వెలుగు కనబడనిచో అది చిత్రమే కాదని ఆ కన్నుల తీర్పు. అయినను ఆ అభియోగము నిలువదు. దానిని కొట్టివేయు సాక్ష్యము 1954లో తెఱవబడిన ఆ శాలలోనే యున్నది.

అమృతా షేర్‌గిల్ చిత్రములు నూటికి పైగా అచ్చట గలవు. వానిలో 1932లో ఆమె పారిస్‌లో వేసిన 'యువతులు' ఒకటి. ఇద్దరు పడుచులు కూర్చుండియున్నారు. ఒకతె ముఖము జారిన జుట్టు చాటున దాగినది. మేని నిగ్గు, వస్త్రముల మడతలు, వెలుగునీడలు ఏ విమర్శకుడును వంక పెట్టలేనంత నేర్పుతో దిద్దబడినవి. పారిస్ కళాలోకము మెచ్చిన చేయి అది. అయిదేండ్ల తరువాత, అజంతాను, దక్షిణదేశమును చూచిన పిమ్మట, 1937లో ఆమెయే 'వధువు అలంకరణ' వేసినది. ఇందు నీడలు సన్నగిలినవి, ఆకృతులు చదునైనవి, పెండ్లికూతురి చుట్టు నున్న స్త్రీలలో ఒక విధమైన నిశ్చలత నెలకొన్నది. ఈ యయిదేండ్లలో ఆమె విద్య మఱచినదా? మఱవలేదు, వదలినది. ఈ రెండు క్రియలకు గల భేదమును గుర్తింపనివాడు ఆ శాలలో ఎన్ని గదులు తిరిగినను కాళ్ళనొప్పులే మిగులును.

జామినీ రాయ్ కథయు నిట్టిదే. కలకత్తా ప్రభుత్వ కళాశాలలో పాశ్చాత్యరీతి నభ్యసించి, రూపచిత్రములతో పేరు తెచ్చుకొనిన ఆయన, దానిని విడిచి కాళీఘాట్ పటముల వైపును, బెంగాలు పల్లెల బొమ్మల వైపును మఱలినాడు. తైలవర్ణములకు మాఱు మట్టిరంగులు, దీపపు మసి, చింతగింజల జిగురు వాడినాడు. చింతగింజల జిగురన్నచో చేర్యాల నకాషీల పటములను చూచిన తెలుగువారికి క్రొత్త కాదు. అయినను పటమును ముచ్చటగా చూచు మనమే జామినీ రాయ్ యెదుట ముఖము చిట్లింతుము!

చేతగానితనమునే నవ్యతగా చెలామణి చేయువారు లేకపోలేదు. వారిని పట్టుకొనుటకైనను ముందు పై భేదము తెలియవలెను.

ఇందు ప్రేక్షకునిదే దోషమనుట అన్యాయము. పదునేడు వేలకు పైబడిన కృతులలో ఒక్కసారి గోడ కెక్కునవి కొన్నియే. ఎక్కినవాని ప్రక్కనైనను చిత్రకారుని పేరు, సంవత్సరము, వాడిన సామగ్రి తెలిపి ఊరకుండుట చాలదు. శాఖలన్నచో ముంబయిలో 1996లోను, బెంగళూరులో 2009లోను వెలసినవి, తెలుగునాట లేదు. 'యువతులు', 'వధువు అలంకరణ' రెంటిని ఒకే గోడపై ప్రక్కప్రక్కన వ్రేలాడదీసి, నడుమ ఆ అయిదేండ్ల కథ నాలుగు పంక్తులలో వ్రాసి, కొంతకాలము హైదరాబాదుకో విజయవాడకో పంపుటకు ఆ శాలవారికి గల అడ్డంకి యేమి?