చూసే పూలు, చేసే పూలు

పోయిన నెలలో మా మేనకోడలు టోకియో నుంచి కొన్ని ఫొటోలు పంపింది. ఉద్యోగం పేరిట వెళ్ళి మూడేళ్ళుగా అక్కడే వుంటున్నది లెండి. ఫొటోల నిండా ఎరుపే. చెట్ల కింద ఎవరో ఎర్రతివాచీ పరిచి మరిచిపోయినట్టున్నది. “అత్తా, ఇవన్నీ పువ్వులే! వీటిని చూడటానికే పొద్దున్నే రైలెక్కి వచ్చాం” అని రాసింది.

మా వారికి చూపిస్తే, “పూలు చూడటానికి రైలెక్కడమేమిటి? మన డాబామీద బంతిమొక్క లేదూ?” అన్నారు. ఆయన సంగతి అలా వుంచండి. నాకు మాత్రం కుతూహలం పట్టలేక, ఆ సాయంత్రమే ఫోను చేసి వివరాలన్నీ రాబట్టాను.

ఆ చోటు టోకియోకు దగ్గరనే వున్న సైతామా ప్రాంతంలో, హిదాకా అనే వూళ్ళో వున్నదట. కోమా అనే చిన్న యేరు అక్కడ మూతికి తాడు బిగించిన డబ్బుసంచిలాగా వంపు తిరుగుతుంది. జపానువాళ్ళు ఆ సంచిని కించకు అంటారు గనుక ఆ చోటుకు కించకుదా అని పేరు వచ్చింది. అక్కడ సెప్టెంబరు చివర సుమారు 50 లక్షల పూలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఆ పువ్వు పేరు హిగన్‌బానా. మరో పేరు మంజుషగె. ఈ రెండోది మన సంస్కృతంలోని మంజూషక శబ్దమేనట. బౌద్ధంతోపాటు చైనా మీదుగా అక్కడికి చేరింది.

హిగన్ అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు అటూయిటూ వచ్చే వారం. ఆ వారంలో జపానువాళ్ళు పెద్దల సమాధుల దగ్గరకు వెళ్ళి, శుభ్రం చేసి, పూలు పెట్టి వస్తారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే మనకిక్కడ మహాలయ పక్షం వస్తుంది. ఎంత దూరం దేశమైనా చూడండి, వానలు వెనకబట్టి ఆకాశం తేటపడే వేళకు ఎవరికైనా పోయిన పెద్దలే గుర్తుకు వస్తారు కాబోలు!

ఇంకో విశేషం కూడా చెప్పింది. ఈ పువ్వు దుంప విషం. ఎలుకలూ చుంచులూ గట్లు తవ్వకుండా వుండాలని అక్కడి రైతులు వరిమళ్ళ గట్లమీద వీటిని నాటేవారట. అంటే ఇప్పుడు జనం టిక్కెట్టు కొని చూస్తున్న ఈ పువ్వు, ఒకప్పుడు పొలానికి కాపలామనిషి అన్నమాట!

మర్నాడే మేము రాజోలి బయలుదేరవలసి వచ్చింది. మా మామగారి తిథి మహాలయంలోనే పెడతారు. మా మరిదీ తోటికోడలూ అక్కడే వుండి వ్యవసాయం చూసుకుంటున్నారు. అలంపురం చౌరస్తాలో పెద్దరోడ్డు విడిచి శాంతినగర్ మీదుగా వెళుతుంటే, రోడ్డుకు రెండువైపులా తంగేడు పసుపు ఆరబోసినట్టున్నది. జొన్నచేల మధ్య గునుగుపూలు తెల్లగా, కొసలు గులాబీరంగుగా తలలూపుతున్నవి. “రైలెక్కకుండానే చూపిస్తున్నాను, చూడు” అన్నారు మా వారు.

తిథి కార్యం ముగిసిన మర్నాడు మా తోటికోడలితో చేనికి వెళ్ళాను. వాళ్ళది సీడ్ పత్తి. మామూలు పత్తికీ దీనికీ తేడా యేమిటో పట్నంలో వున్న మనలో చాలామందికి తెలియదు. చేనులో ఎక్కువ భాగం ఆడ పత్తి, ఒక పక్కన మగ పత్తి. రేపు విచ్చుకోబోయే ఆడ మొగ్గలను ఈ సాయంత్రమే వెతికి, రేకులూ కేసరాలూ గోటితో వలిచేస్తారు. మధ్యనున్న కీలానికి గోరు తగలకూడదు. మర్నాడు పొద్దున మగచెట్ల పూలు కోసుకువచ్చి, ఒక్కొక్క కీలానికీ పుప్పొడి అద్దుతారు. దీనినే వాళ్ళు క్రాసింగ్ అంటారు. ఇలా ఒక పువ్వు కాదు, ఒక రోజు కాదు. చేనులోని ప్రతి పువ్వుకూ, నెలలతరబడి చెయ్యాలి. ఆ పని చేస్తేనే సంకర విత్తనం. వ్యాపారానికి పనికివచ్చే సంకర పత్తిని ప్రపంచంలో మొట్టమొదట 1970లో సూరత్‌లో డాక్టర్ సి. టి. పటేల్ తయారుచేశారు. ఆ హైబ్రిడ్-4 వచ్చిన నాటినుంచీ మన దేశంలో ఈ విత్తనమంతా చేతివేళ్ళమీదనే నడుస్తున్నది. గద్వాల ప్రాంతం దీనికి పెట్టింది పేరు.

పూలు ఎంత బాగున్నాయనుకున్నారు! పత్తిపువ్వు మొదటిరోజు మీగడరంగు, మర్నాటికి గులాబీరంగు. నేను ఫోను తీసి మేనకోడలికి పోటీగా ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. ఫొటోలో ఒక తల అడ్డువచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. చేతిలో మగపూల గంప.

“బడిలేదుటే?” అన్నాను.

“దసరా సెలవులు గదా” అన్నది తల యెత్తకుండా.

సెలవులకింకా నాలుగు రోజులున్నవి. ఆ సంగతి నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. నేను ఫోనులోని ఎర్రపూలు చూపించాను. చాలాసేపు చూసి, “వీటికి క్రాసింగ్ ఎవరు చేస్తారు?” అని అడిగింది.

“ఎవరూ చెయ్యరే. ఇవి చూసే పూలు.”

“ఉత్తగ చూడనీకేనా?” అని ఫక్కున నవ్వి, మళ్ళీ వరుసలోకి వెళ్ళిపోయింది. ఆ తరువాత నాకు ఫొటోలు తీయబుద్ధి కాలేదు.

ఆ పిల్ల తాత నేతగాడు. రాజోలి నేతకు పేరున్న వూరు. నూలు ఒంటికి పట్టుకొంగూ పట్టంచూ కలిపి నేసే గద్వాల చీరలు ఇక్కడి మగ్గాలమీద కూడా దిగుతాయి. 2009లో విజయదశమి సెప్టెంబరు 28న వచ్చింది. పండుగ వెళ్ళిన నాలుగోనాడు, అక్టోబరు 2న, తుంగభద్ర వూరిమీదికి వచ్చింది. ఇళ్ళు కూలాయి, మగ్గాల గుంటలు ఒండ్రుతో పూడిపోయాయి. కొందరు మళ్ళీ మగ్గం పెట్టుకున్నారు. ఈ పిల్ల తాత పెట్టలేకపోయాడు. ఆయన కొడుకూ కోడలూ కూలిలోకి దిగారు. నూలు నేసిన యింటి పిల్ల ఈనాడు పత్తిపూలు గిల్లుతున్నది.

ఆ రాత్రి అన్నాలయ్యాక తోటికోడలితో మెల్లగా ప్రస్తావించాను. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను కూలికి పెట్టరాదని చట్టమున్నది గదా అన్నాను. ఆమె గిన్నె కింద పెట్టి నావంక చూసింది.

“అక్కా, చట్టం నాకూ తెలుసు. పువ్వుకు తెలవదు గదా! పొద్దున అద్దకపోతే ఆ పువ్వు రాలినట్టే. ఆర్గనైజరు దగ్గర ముందే పైసలు తెచ్చుకున్నం. విత్తనం పరీక్షల పాస్ కాకపోతే ఆ అప్పు మా నెత్తిన పడ్తది. పిల్లను నేను పిలవలేదు, వాళ్ళమ్మే తోలుకొస్తది. వద్దంటే తల్లి కూడ పక్క చేనుకు పోతది. నువ్వు కట్టుకున్న నూలుచీర పత్తికి విత్తనం ఎవరు చేసిన్రో దుకాణంల ఎన్నడన్న అడిగినవా?”

అడగలేదు. నాకు జవాబు తోచలేదు. మా మరిది గొంతు సవరించుకుని వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

కాని మా తోటికోడలు మాట కటువైనా మనసు మెత్తన. తెల్లవారి ఆ తల్లిని పిలిచి, “పిల్లను బడికి తోలు. నీ కూలికి నేను పదిరూపాయలు కలిపిస్త” అన్నది. “ఆ పిల్ల వరుసలు ఎవరు చూస్తరు?” అని తల్లి అడిగితే, నన్ను చూపించింది!

ఇరవైయేళ్ళు కుట్లూ అల్లికలూ చేసిన చేతులు గదా అని ధైర్యంగా దిగాను. మొదటి గంటలో యెన్ని పూల కీలాలు విరగ్గొట్టానో చెబితే మీరు నవ్వుతారు. రెండో గంటకు నడుము పట్టేసింది. పదిన్నరకు తోటికోడలు చేయిపట్టి గట్టుమీద కూర్చోబెట్టి, “చాలక్కా, ఇంక చూడు” అన్నది. చూడటం ఒక్కటే నాకు చేతనైన పని అన్నమాట.

మేము తిరిగి వచ్చిన తరువాత ఫోను చేసి ఆ పిల్ల సంగతి అడిగాను. రెండు రోజులు బడికి వెళ్ళిందట. మూడోనాడు మరో చేనులో కనిపించిందట. పదిరూపాయలతో తీరే చిక్కు కాదిది. సెలవుల తరువాత బడి తెరిచిననాడు ఆ పిల్ల పేరు పిలుస్తున్నారో లేదో కనుక్కుని చెప్పమని తోటికోడలిని అడిగాను. కనుక్కుంటానన్నది. ఆమె మాట తప్పే మనిషి కాదు.

మేనకోడలికి జాబు రాస్తూ, ఆ ఎర్రపూల విత్తనాలు కాసిని తీసుకురమ్మన్నాను. దానికి వెంటనే జవాబు వచ్చింది. “అత్తా, జపానులోని ఈ పువ్వుకు విత్తనమే కట్టదట. దుంపలు విడదీసి నాటితేనే మొలుస్తుంది. గట్లమీద వున్నవన్నీ ఎప్పుడో ఎవరో చేత్తో పెట్టినవే” అని.

అది చదివి చాలాసేపు వూరికే కూర్చున్నాను. చూసే పూలని ఆ పిల్లకు చెప్పానే, అవి కూడా చేసే పూలే! ఆ చేతులు ఎవరివో, ఎంత వయసువో చెప్పేవారు ఇప్పుడు లేరు. రాజోలి చేలలోని చేతులు మాత్రం మన యెదుటనే వున్నవి. ఈసారి దసరాకు వూరు వెళ్ళేవాళ్ళు, పూలు చూసినప్పుడు ఆ వరుసల మధ్య వంగివున్న తలలను కూడా ఒకసారి చూడండి. వాటిలో చిన్నతల వుంటే, బడి యెప్పుడు తెరుస్తారో అడగండి.