గోడ దగ్గదు, తుమ్మదు

కరోనా కాలంలో సభలనూ ఊరేగింపులనూ ఆపినందుకు ఏ ప్రభుత్వాన్నీ తప్పుపట్టలేం. అయితే ఆ ఆంక్షకు ఉన్న ఏకైక ఆధారం అంటువ్యాధి. అర్ధరాత్రి ఒక్కడే వచ్చి గోడ మీద నాలుగు మాటలు రాసి వెళ్లేవాడికి ఆ ఆధారం వర్తించదు. గోడ దగ్గదు, తుమ్మదు, గుంపు కట్టదు. మైదానాలు మూతపడ్డాక నిరసనకు మిగిలిన చోటు అదొక్కటే. దాన్నీ మహమ్మారి పేరు చెప్పి చెరిపేస్తుంటే, భయం వైరస్‌ను చూసేనా అన్న అనుమానం రాక మానదు.

ఢిల్లీనే చూడండి. 2019 డిసెంబరు 15న జామియా మిల్లియా ఇస్లామియా విశ్వవిద్యాలయంలోకి పోలీసులు చొరబడ్డాక, దాని గోడలు పౌరసత్వ సవరణ చట్టాన్ని ఎదిరించే బొమ్మలతో, నినాదాలతో నిండిపోయాయి. దగ్గర్లోని షాహీన్‌బాగ్‌లో అదే చట్టానికి వ్యతిరేకంగా మహిళల బైఠాయింపు నూరు రోజులు సాగింది. 2020 మార్చి 22న, జనతా కర్ఫ్యూ రోజున, చాలామంది ఇళ్లకు వెళ్తూ తమ గుర్తుగా చెప్పులు అక్కడ వదిలారు. మార్చి 24 ఉదయం పోలీసులు శిబిరం ఎత్తేశారు. అంతవరకు కారణం ఉందనే ఒప్పుకుందాం. కానీ అదే ఊపులో జామియా గోడల మీద బొమ్మలకూ వెల్ల పడింది. ఆ అర్ధరాత్రి నుంచి దేశమంతా ఇళ్లలో కూర్చోబోతుంటే, చూసేవాడే లేని గోడకు సున్నం కొట్టాల్సినంత తొందర ఏమొచ్చింది?

రంగుకున్న బలం పాలకులకు తెలియనిది కాదు. సరిగ్గా ఆ నెలల్లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంచాయతీ భవనాలకు వేసిన అధికార పార్టీ రంగులను కాపాడుకోవడానికి కోర్టుల చుట్టూ తిరిగింది. తీసేయమని హైకోర్టు చెబితే, ఉన్న రంగులకు ఎర్రమట్టి రంగు ఒకటి జోడించి ఒక్కో రంగుకూ ఒక్కో అర్థం చెబుతూ కొత్త జీవో తెచ్చింది. హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2020 జూన్ 3న సుప్రీంకోర్టులోనూ చుక్కెదురైంది. రోగం ముంచుకొస్తున్నా ఏలినవారు గోడల కోసం అంత పట్టుబట్టారంటే, సామాన్యుడి గోడరాతను ఉత్త పిచ్చిగీతగా కొట్టిపారేయడం ఎలా కుదురుతుంది?

గోడ ఒకరి ఆస్తి కదా, పాడుచేయొచ్చా అంటారు. న్యాయమైన ప్రశ్నే. సొంతదారు వచ్చి తన గోడ కడుక్కుంటే కాదనేవారు లేరు. కానీ మరకే అసలు అభ్యంతరమైతే, మరకలేని రాతనైనా బతకనివ్వాలి. చిలీ రాజధాని సాంటియాగోలో 2020 మే 18న తిండిలేక జనం రోడ్డెక్కారు. ఆ రాత్రి డిలైట్ ల్యాబ్ అనే కళాబృందం ఒక ఎత్తయిన భవనం మీద ‘ఆకలి’ అన్న ఒక్క మాటను వెలుతురుతో రాసింది. మర్నాడు ‘మానవత్వం’ అని రాస్తే, ఒక లారీలోంచి బలమైన లైట్లు వేసి ఆ మాట కనపడకుండా చేశారు. లారీ ఎవరు పంపినా, గోడ శుభ్రత కోసమైతే పంపలేదు.

విపత్తు వేళ తప్పుడు రాతలు జనాన్ని బెదరగొడతాయన్నది మరో అభ్యంతరం, దీన్ని తేలిగ్గా తీసుకోలేం. టీకా వేస్తే చస్తారని రాసినవాణ్ని ఆపాల్సిందే. 2021 మేలో ఢిల్లీలో వెలిసిన పోస్టర్లు అలాంటివి కావు. మా పిల్లల టీకాలు విదేశాలకు ఎందుకు పంపారని అవి ప్రధానిని అడిగాయి. అప్పటికే ఆరు కోట్లకు పైగా డోసులు దేశం దాటాయి. అడిగింది సబబా కాదా అన్నది వేరే చర్చ. ఎగుమతులు, ఒప్పందాలు అంటూ ప్రభుత్వం జవాబు చెప్పొచ్చు. జవాబుకు బదులు ప్రభుత్వ ఉత్తర్వుల ఉల్లంఘన, ఆస్తుల వికృతీకరణ కింద కేసులు పెట్టారు. పాతిక మంది దాకా అరెస్టయ్యారు. మరుసటి నెలలోనే ఉచిత టీకాకు ప్రధానికి కృతజ్ఞతలు చెప్పే బ్యానర్లు కట్టమని యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. వ్యాధి అదే, టీకా అదే. అడిగితే నేరమైంది, మొక్కితే కర్తవ్యమైంది.

ఆ పోస్టర్లు తమవేనని ఆమ్ ఆద్మీ పార్టీ బాహాటంగానే చెప్పుకుంది. రాజకీయమే, దాచేదేముంది? కానీ పట్టుబడినవారిలో కూలి డబ్బుల కోసం అతికించిన రోజుకూలీలూ ఉన్నారు. కేసులు కొట్టేయాలని వారి తరఫున మరొకరు వెళితే, మూడో వ్యక్తి అడిగితే కుదరదని 2021 జులైలో సుప్రీంకోర్టు అంది. అంటే కూలీలు ఎవరికి వారే లాయర్లను పెట్టుకుని కోర్టు మెట్లెక్కాలి.