బాలింత దిగులు జబ్బే, సెలవు హక్కే



కాన్పయిన కొత్తలో కంటనీరు మామూలే. రెండు వారాలు దాటినా దిగులు తీరక, నిద్రపట్టక, బిడ్డ మీదికి మనసు పోకుంటే అది జబ్బు. దాన్ని గాలి సోకిందనడం, పని ఎగ్గొట్టే వేషమనడం తప్పు. వైద్యం ఉంది: కౌన్సెలింగ్, పాలిచ్చే తల్లి వాడదగిన మాత్రలు. చచ్చిపోవాలనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. బెంగుళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు 2009లోనే తెరిచారు. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా సలహా ఇస్తారు. షిఫ్టు దిగివచ్చిన భర్త కాసేపు బిడ్డనెత్తుకొని ఆమెను నిద్రపోనివ్వాలి.

కాన్పువల్ల వచ్చిన జబ్బుకు ప్రసూతి సెలవుపైన మరో నెలదాకా జీతంతో సెలవు చట్టంలోనే ఉంది. డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చిన తల్లికి ఈ దిగులుకూ ఆ సెలవు ఇవ్వాలని యాజమాన్యాలను డిమాండ్ చేస్తున్నాం.