గెలిచాక దండలు కాదు, ఆడేటప్పుడు మైదానం కావాలి

తల్లిదండ్రులారా, పీఈటీ మాస్టార్లారా, సర్పంచులారా!

2021 ఆగస్టు 2న టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మన అమ్మాయిల హాకీ జట్టు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించింది. గుర్జీత్ కౌర్ పెనాల్టీ కార్నర్‌ను గోల్ చేసింది. గోల్ ముందు సవిత గోడలా నిలబడింది. జట్టు చివరికి నాలుగో స్థానంతో తిరిగొచ్చింది. ఆ 16 మందిలో 9 మంది ఒక్క హర్యానా వాళ్లే. అందులోనూ ముగ్గురిది ఒకే ఊరు. కెప్టెన్ రాణీ రాంపాల్, నవజోత్ కౌర్, నవనీత్ కౌర్... ముగ్గురూ షాహాబాద్ మార్కండా పిల్లలే.

ఆ ఊరి నీళ్లలో ఏమైనా మహిమ ఉందా? లేదు. అక్కడ మైదానం ఉంది. తెల్లవారేసరికి దాని మీద నిలబడే కోచ్ బల్దేవ్ సింగ్ ఉండేవాడు.

రాణి తండ్రి బండి లాగి ఇల్లు నడిపేవాడు. తల్లి పరాయి ఇళ్లలో పనిచేసేది. ఇంట్లో గడియారం లేక, ఆకాశంలో చుక్కలు చూసి కూతుర్ని ప్రాక్టీస్‌కి లేపేది. పిల్ల బక్కగా ఉందని కోచ్ మొదట చేర్చుకోలేదు. విరిగిన స్టిక్‌తోనే పట్టు వదలకుండా ఆడింది. అకాడమీలో ప్రతి పిల్లా అర లీటరు పాలు తెచ్చుకోవాలి. వీళ్లు కొనగలిగింది 200 మిల్లీలీటర్లే. ఎవరికీ తెలియకుండా అందులో నీళ్లు కలుపుకుని తాగేదాన్నని రాణే తర్వాత చెప్పింది.

ఆ పిల్ల 15 ఏళ్లకే 2010 ప్రపంచకప్ ఆడి 7 గోల్స్ కొట్టింది. 2019లో భువనేశ్వర్‌లో అమెరికాపై ఆమె కొట్టిన గోలే జట్టును టోక్యోకు పంపింది. 2020లో పద్మశ్రీ, ఖేల్‌రత్న రెండూ వచ్చాయి. 250కి పైగా మ్యాచ్‌లు ఆడి 2024 అక్టోబరులో రిటైరైంది.

మన దగ్గర పిల్లలు లేరా? ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన గోల్‌కీపర్ ఎతిమరపు రజని 2018 ఆసియా క్రీడల్లో వెండి పతకం, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్లలో ఉంది. తెలుగు పిల్లకు చేతకాదనే మాటకు ఆమే జవాబు. కానీ ఆమె తర్వాత ఎవరంటే మనం తడుముకోవాల్సి వస్తోంది.

కారణం మన కళ్లముందే ఉంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో హాకీ పచ్చిక వదిలి కృత్రిమ టర్ఫ్ ఎక్కింది. మన బడుల్లో ఇంకా మట్టి గ్రౌండే. మట్టి మీద బంతి రాయికి తగిలి ఎగురుతుంది. టర్ఫ్ మీద నేలకు అంటుకుని జారిపోతుంది. స్టిక్ పట్టే తీరు, నడుం వంచే తీరు, పరుగు అన్నీ మారాలి. పదో తరగతి దాకా మట్టిలో ఆడిన పిల్లకు సెలక్షన్స్ రోజున టర్ఫ్ కొత్త. బంతి వేగం అర్థమయ్యేలోపే సెలక్షన్స్ అయిపోతాయి. ఆ పిల్లకు ఆట రాదని మనమే తేల్చేస్తాం.

అందుకే ప్రభుత్వాలను మేం అడిగేవి ఇవి:

1. ఉమ్మడి జిల్లాకొకటి చొప్పున 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పున్న పూర్తి టర్ఫ్ వేయాలి. రెవెన్యూ డివిజన్‌కొకటి ఐదుగురేసి ఆడే చిన్న టర్ఫ్ ఉండాలి.

2. బాలికల గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో హాకీకి పర్మనెంట్ కోచ్‌లను వేయాలి. ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే కాంట్రాక్టుతో పదేళ్ల ఆట తయారు కాదు.

3. హాకీ ఆడే ప్రతి బడికీ గోల్‌కీపర్ కిట్ ఇవ్వాలి. పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ కొడితే బంతి గంటకు 100 కిలోమీటర్లు దాటి వస్తుంది. హెల్మెట్, చెస్ట్ గార్డ్, ప్యాడ్లు, కిక్కర్లు లేకుండా దాని ముందు పిల్లను నిలబెట్టడం నేరం. పేదింటి పిల్ల ఇవన్నీ సొంతంగా కొనలేదు.

4. ప్రాక్టీస్ చేసే పిల్లలకు రోజూ పాలు, గుడ్లు అక్కడే ఇవ్వాలి. పాలల్లో నీళ్లు కలుపుకునే గతి ఇంకో పిల్లకు పట్టకూడదు.

5. దేశంలో హాకీ అమ్మాయిలకు ఎక్కువగా ఉద్యోగాలిచ్చి నిలబెట్టింది రైల్వేలు. మన రాష్ట్రాలూ క్రీడా కోటాలో వాళ్లకు కొలువులివ్వాలి.

టర్ఫ్ అంటే కోట్లు కదా, నీళ్లెక్కడివి అంటారు. నిజమే, పెద్ద పోటీల టర్ఫ్‌ను తడుపుతూ ఉండాలి. కానీ ఇసుక నింపిన టర్ఫ్‌కు ఆ అవసరం లేదు. కరువు సీమలో అదే వేయండి. ఒడిశా 2018 నుంచి జాతీయ జట్లకు స్పాన్సర్‌గా నిలిచింది, సొంత గడ్డ మీదా టర్ఫ్‌లు పరిచింది. పతకం వచ్చాక నగదు, ఇంటి స్థలం ప్రకటించడానికి దొరికే డబ్బు, పతకం రాకముందు ఎందుకు దొరకదు?

హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ పేరుతో పురుషుల జట్టు దిగింది. 2025 జనవరిలో మొదలైన తొలి మహిళల లీగ్‌లో ఉన్న నాలుగు జట్లలో తెలుగు నేల పేరు లేదు. మన వ్యాపారులు, పారిశ్రామికవేత్తలు దీన్ని గమనించాలి.

ఆగస్టు 29 ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. ఆలోపు మీ గ్రామసభలో, మీ బడి కమిటీలో ఈ అయిదు కోర్కెలపై తీర్మానం చేయండి. సోమవారం గ్రీవెన్స్‌లో, ప్రజావాణిలో కలెక్టర్‌కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఓట్లడగడానికి వచ్చిన నాయకుణ్ణి టర్ఫ్ ఎప్పుడని అడగండి. ఆడపిల్ల స్టిక్ పట్టుకుంటే వద్దనకండి. ఈ కరపత్రం చదివి పక్కవాళ్లకివ్వండి.

— హాకీ అభిమానులు