తల తిరుగుతోందంటే మెడకు కాలరెందుకు?

తెల్లవారుజామున మంచం మీద పక్కకు ఒత్తిగిలారో లేదో, గదంతా గిర్రున తిరుగుతుంది. కళ్లు గట్టిగా మూసుకున్నా ఆగదు. కడుపులో తిప్పుతుంది. అర నిమిషంలో సర్దుకుంటుంది గానీ, మళ్లీ అటు తిరగాలంటే భయం. యాభై దాటిన ఆడవాళ్లలో ఈ బాధ మరీ ఎక్కువ. ఇంట్లోవాళ్లు పైత్యమంటారు, నీరసమంటారు, నిమ్మకాయ నీళ్లు కలిపిస్తారు. మర్నాడు ఆసుపత్రికి వెళితే బీపీ, షుగరు, ఈసీజీ, మెడ ఎక్స్‌రే, ఒక్కోచోట తలకు స్కానింగ్ కూడా. ఆఖరికి చీటీ మీద ‘సర్వైకల్ స్పాండిలోసిస్’ అనో ‘వర్టిగో’ అనో రాసి, మెడకు కాలర్ వేసి పంపిస్తారు.

ఇన్ని పరీక్షల్లో చేయాల్సిన పరీక్ష మాత్రం ఉండదు.

వర్టిగో జబ్బు పేరు కాదు, జ్వరంలా అదొక లక్షణం. ఇక మెడ ఎముకల అరుగుదల అంటారా, యాభై దాటిన చాలామందికి ఎక్స్‌రేలో అది కనిపిస్తుంది, తల తిరిగినా తిరగకపోయినా. కాలర్ పెట్టుకున్నాక తగ్గిందని చెప్పేవారు అబద్ధమాడటం లేదు. పక్కకు తిరిగితే వచ్చే ఈ తిరుగుడు చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గుతుంది, పేరు కాలర్‌కు దక్కుతుంది. తిరగబెట్టినప్పుడు మళ్లీ అదే కాలర్.

అసలు సంగతి లోపలి చెవిలో ఉంది. అక్కడ ఒకచోట కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు అతుక్కుని ఉంటాయి. వయసు మీద పడటం వల్లో, తలకు దెబ్బ తగలడం వల్లో అవి ఊడి అర్ధవృత్తాకార నాళంలోకి జారతాయి. తల కదిపినప్పుడల్లా అక్కడి ద్రవాన్ని కదిలించి, లేని తిరుగుడును మెదడుకు చేరవేస్తాయి. డాక్టర్లు దీన్ని బీపీపీవీ అంటారు. దీన్ని పట్టుకునే పద్ధతిని 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ వివరించారు. రోగిని మంచం మీద కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు పక్కకు తిప్పి, చటుక్కున వెల్లకిలా పడుకోబెడతారు. తల మంచం అంచు దాటి కాస్త కిందికి వాలేలా పట్టుకుని, కళ్లు తెరిచే ఉంచమంటారు. కొన్ని సెకన్లు ఏమీ జరగదు. అంతలో కనుగుడ్లు మెలితిరుగుతూ పైకి కొట్టుకోవడం మొదలుపెట్టి, నిమిషం లోపే ఆగిపోతాయి. ఆ కదలికే రుజువు. అప్పుడు కిందివైపు ఉన్న చెవిలోనే లోపం.

ఆ మంచం మీదే, తలను ఒక వరుసలో తిప్పుతూ స్ఫటికాలను నాళంలోంచి బయటికి జార్చేయవచ్చు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జాన్ ఎప్లీ అనే డాక్టరు ఈ చికిత్స రూపొందిస్తే తోటి వైద్యులు చాలాకాలం నమ్మలేదు. దాని మీద ఆయన రాసిన ముఖ్యమైన పత్రం 1992లో గానీ వెలుగు చూడలేదు. ఇవాళ ఒకటి రెండుసార్లు అలా చేయించుకుంటే ఎక్కువమందికి తగ్గిపోతోంది. మెడకు, వెన్నుకు నిజంగానే జబ్బున్నవారికి జాగ్రత్తలు వేరు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

నేరాన్ని చెవి మీద కాకుండా వేరే అవయవం మీద మోపడం కొత్తేమీ కాదు. 19వ శతాబ్దపు ఐరోపాలో తల తిరిగి పడిపోతే మెదడులో రక్తం పేరుకుందని నెత్తురు తీసేవారు, జలగలు పట్టించేవారు. పారిస్‌లో బధిరుల సంస్థలో పనిచేసిన ప్రాస్పర్ మెనియేర్ 1861లో, ఈ తిరుగుడు లోపలి చెవి నుంచి కూడా రావచ్చని రాశాడు. మరుసటి ఏడాదే కన్నుమూశాడు. అప్పట్లో మెదడు మోసిన నింద ఇప్పుడు మెడ మోస్తోంది.

ఆ మెనియేర్ పేరు పెట్టిన జబ్బును కూడా ఇప్పుడు ఇష్టం వచ్చినట్టు చీటీల్లో రాసేస్తున్నారు. ఆ జబ్బులో తిరుగుడు కనీసం 20 నిమిషాలు, ఒక్కోసారి గంటల తరబడి ఉంటుంది. చెవి దిబ్బడ వేస్తుంది, గుయ్‌మంటుంది, వినికిడి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ఆడియోగ్రామ్ తీయకుండా ఆ పేరు రాయకూడదు. గంటల తరబడి తిరిగే చాలామందికి ఉన్నది నిజానికి మైగ్రేన్. ఆ సమయంలో తలనొప్పి లేకపోవచ్చు కూడా. మంచం మీంచి లేచి నిలబడితేనే కళ్లు చీకట్లు కమ్మేవారికి పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలి. అందుకే డాక్టరు మొదట అడగాల్సినవి రెండే ప్రశ్నలు: ఎంతసేపు ఉంటుంది, ఏం చేస్తే వస్తుంది?

ఆలస్యం పనికిరాని సందర్భాలు రెండున్నాయి. ఆగకుండా తల తిరుగుతూ, నిలబడలేకపోయినా, మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెదడు వెనుక భాగంలో వచ్చే ఈ పక్షవాతాన్ని సీటీ స్కాన్ చాలాసార్లు పట్టుకోలేదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎంఆర్‌ఐకి కూడా అందకపోవచ్చు. ఆ సమయంలో కంటి కదలికలను చూసే మంచం పక్క పరీక్షే, తర్ఫీదు ఉన్న చేతుల్లో, ఎంఆర్‌ఐ కంటే మెరుగ్గా పట్టుకుంటుందని 2009లో వెలువడిన అధ్యయనం చూపించింది.

రెండోది, పొద్దున లేచేసరికి ఒక చెవికి ఫోన్ వినిపించకపోవడం. గులిమి అనుకుని వారాల తరబడి చుక్కలు వేసుకుంటూ కూర్చుంటారు. 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి నుదుటి మధ్య ఆనిస్తే, గులిమి అయితే శబ్దం మూసుకున్న చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. నరం దెబ్బతింటే బాగున్న చెవి వైపు పోతుంది. రెండో రకమైతే స్టెరాయిడ్లు మొదటి రెండు వారాల్లో, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. ఒక చెవికే వినికిడి తగ్గితే నరం మీద గడ్డ లేదని ఎంఆర్‌ఐతో తేల్చుకోవాలి. స్కాన్ ఖర్చు పెట్టాల్సింది ఇలాంటి చోట.

మందుల సంగతి మరీ బాధాకరం. తిరుగుడు ఆపే సినరిజిన్ నెలల తరబడి మింగితే పెద్దవాళ్లకు పార్కిన్సన్స్‌లాంటి వణుకు, బిగుసుకుపోవడం రావచ్చు. ఎవరికి పడితే వారికి రాసే బీటాహిస్టిన్ మెనియేర్ రోగుల్లో ఉత్తుత్తి బిళ్ల కంటే మెరుగ్గా పనిచేయలేదని జర్మనీలో జరిగిన పరీక్ష 2016లో తేల్చింది. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు లోపలి చెవిని దెబ్బతీస్తాయి కాబట్టి, పాత చీటీలన్నీ తీసుకెళ్లి చూపించాలి.

బధిరత్వ నివారణకు కేంద్రం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది 2006-07లో. పుట్టుచెవిటి పిల్లలకు ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్లు వేయించడం మన ప్రభుత్వాలు చేసిన మంచి పని. అదే శ్రద్ధ ఇక్కడా కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మంచం ఎలాగూ ఉంది. ట్యూనింగ్ ఫోర్క్ ఖరీదు వందల్లోనే. హౌస్ సర్జన్లందరి చేతా డిక్స్-హాల్‌పైక్ పరీక్ష స్వయంగా చేయించి, అది వచ్చాకే బయటికి పంపే ఏర్పాటు కావాలి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు.

అంతవరకు కుటుంబాలు చేయగలిగింది ఒకటుంది. తల తిరుగుతున్నప్పుడు రోగిని కళ్లు తెరవమని చెప్పి, ఫోన్‌తో దగ్గరి నుంచి అర నిమిషం వీడియో తీయాలి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, అప్పుడు ఏ పక్కకు తిరిగి ఉన్నారు, చెవిలో హోరు ఉందా అన్నది ఒక కాగితం మీద రాసుకుని, వాటిని ఈఎన్‌టీ డాక్టరుకు గానీ న్యూరాలజిస్టుకు గానీ చూపించి, తల తిప్పి చూసే పరీక్ష చేశారా అని అడగాలి.