మీ ఊరి మెరక మీకు తెలుసా?

తుపాను ఎటు వస్తోందో చెప్పడానికి ఆకాశంలో ఉపగ్రహాలున్నాయి, తీరంలో రాడార్లున్నాయి. కాని మీ వీధిలోకి నీరు ముందుగా ఏ సందులోంచి వస్తుందో అవి చెప్పలేవు. అది మీరే కనిపెట్టాలి.

1977 నవంబరు 19న వచ్చిన తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. ఘోరం జరిగింది మాత్రం దానికి ఈశాన్యంగా ఉన్న దివిసీమలో. ఎందుకని? మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. కాగితం మీద సున్న చుట్టి బాణాలు వేసి చూడండి. తుపాను వచ్చే దిక్కుకు కుడిపక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, నీటిని కూడా నెట్టుకొస్తుంది. దివిసీమ దగ్గర సముద్రం లోతు తక్కువ, నేల పల్లం. సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన విరుచుకుపడింది. ఆ తుపానుకు పదివేలమంది దాకా పోయారు. 1990 మే నెలలో మళ్ళీ కృష్ణా తీరానికే పెద్ద తుపాను వచ్చింది. ఈసారి లక్షలమందిని ముందే తరలించారు. మృతులు వెయ్యికి లోపే.

తరలించడం సరే. ఎవరిని, ఏ దారిన?

ఒక వేసవిలో మా బడి పిల్లలచేత ఊరి పటం గీయించాను. తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే సన్నని ప్లాస్టిక్ గొట్టం తెచ్చాం. అందులో నీళ్ళు నింపి రెండు కొసలూ ఎత్తి పట్టుకుంటే నీరు రెండువైపులా ఒకే మట్టంలో నిలుస్తుంది. అక్కడినుంచి నేల ఎంత కిందికి ఉందో రెండుచోట్లా కొలిస్తే ఆ తేడాయే ఎత్తుపల్లం. (గొట్టంలో గాలిబుడగ ఉండకూడదు. మావాళ్ళ మొదటిరోజు శ్రమంతా బుడగపాలే!)

నీరు ముంచుకొస్తే ఊరంతా చేరవలసింది మా బడికే. బడి మెరకమీదే ఉంది. కాని దారిలో తూము దగ్గర రోడ్డు, దిగువపేట ఇళ్ళ గడపలకంటే ఒకటిన్నర అడుగు కిందికి ఉందని తేలింది. అంటే, ఇళ్ళలోకి నీరు రాకముందే దారి మూసుకుపోతుంది. "నీళ్ళొచ్చాక చూద్దాంలే" అనుకున్నవాళ్ళు బయటపడలేరు. ఇరవై ఏళ్ళుగా ఆ తూము మీదుగానే సైకిలు తొక్కుతున్నాను, నాకెన్నడూ తోచలేదు.

పటంలో మనుషులను కూడా గుర్తించాం. మంచం పట్టినవాళ్ళు, చూలాళ్ళు, చూపు లేని తాత. "మేకలను వదిలి రానంటోంది మాస్టారూ ఆ అవ్వ!" అన్నాడొక కుర్రాడు. మేకలకు చోటెక్కడో కూడా రాసుకున్నాం.

ఆఫీసుల్లో పటాలున్నాయి కదా, పిల్లలకెందుకీ పని అనే పెద్దలున్నారు. ఆ పటాలూ కావాలి. కాని నిరుడు ఎత్తు పెంచిన రోడ్డు, మొన్న పూడ్చిన బోదె వాటిలోకి ఎప్పటికెక్కుతాయి? నా మట్టుకు నేను, ప్రతి బడీ ఏటా తన ఊరి పటం దిద్ది పంచాయతీ గోడకు తగిలించాలంటాను. బీరువాలో పెడితే చెదలకే పనికొస్తుంది. సముద్రానికి దూరంగా ఉన్న ఊరైతే చెరువు అలుగు నీరు ఎటు పారుతుందో గీయండి. కొలతలు మాత్రం వాన లేనప్పుడు, పెద్దవాళ్ళను వెంటబెట్టుకునే తీసుకోవాలి.

ముందుగా మీ వీధిలోని ముసలివాళ్ళను అడగండి, వరదొచ్చిన ఏడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని. వాళ్ళు గోడమీద చెయ్యిపెట్టి చూపిన చోట సుద్దతో గీత గీసి, అక్కడినుంచి కొలవడం మొదలుపెట్టండి.